నేరేడు చీర మీద లేని బుటాలు

ఆమదాలవలసలో పట్టుచీర కొనాలంటే స్టేషను రోడ్డులో ఉన్న కుసుమా సిల్క్స్‌కి వెళ్లాలి. వెళ్లాక అప్పలసూరి ఉన్నాడా అని అడగాలి. ఈ రెండో సంగతి దుకాణం బోర్డు మీద ఎక్కడా రాసి లేదు గానీ, పలాస వైపు నుంచి పొద్దుటి ప్యాసింజరులో వచ్చి దిగే ఆడవాళ్లందరికీ తెలుసు. అప్పలసూరి అన్నానికి ఇంటికెళ్లాడని చెబితే వచ్చేదాకా కూర్చుంటారు. వేరే సేల్స్‌మన్ ఎవరైనా చీర విప్పబోతే, "ఉండు బాబూ, నలిగిపోతాది" అని చెయ్యి అడ్డం పెడతారు.

అలాగని అప్పలసూరి చూడచక్కని మనిషేం కాదు. పొట్టి. నలుపు. నడుం ఉండాల్సిన చోట చిన్న బొజ్జ. ముక్కు కింద కోడలికి భయం చెప్పే అత్తగారంత గంభీరమైన మీసం. జుట్టు మాత్రం నలభై అయిదేళ్లు దాటినా ఒత్తుగా అలాగే ఉంది. ఆ జుట్టుకి రోజూ పొద్దున్నే భార్య గౌరి కర్పూరం వేసి కాచిన కొబ్బరినూనె పట్టించి, పక్క పాపిడి తీసి మరీ కొట్టుకి పంపేది.

ఇంతకీ ఆ మనిషిలో ఏముందయ్యా అంటే, చీర చూపించే పద్ధతి ఉంది. తక్కినవాళ్లలా మడత విప్పి కౌంటరు మీద పరిచేసి, "మంచి సరుకమ్మా" అని ఊరుకోడు. కుచ్చిళ్లు వేళ్ల మధ్య చకచకా పెట్టి ప్యాంటు బెల్టులో దోపేస్తాడు. చెంగు ఎడమ భుజమ్మీదుగా వెనక్కి వదిలి, తల కొంచెం పక్కకి తిప్పి అద్దం ముందు నిలబడతాడు. మొదటిసారి చూసినవాళ్లకి నవ్వొస్తుంది. రెండో చీరకి నవ్వు ఆగిపోతుంది. మూడో చీరకి మీసం కనపడ్డం మానేసి చీరొక్కటే కనిపిస్తుంది. అందుకే ఊళ్లో ఆయనకి పైట సూరి అని పేరు పడింది. మొదట్లో ఆ పేరుకి కోపం వచ్చేది. ఇప్పుడు ఫోనులో ఎవరైనా "ఎవరండీ?" అంటే తనే, "పైట సూరినమ్మా" అంటాడు.

అంతా సవ్యంగా నడుస్తుండగా కొట్టు యజమాని యుగంధర్‌కి లైట్ల పిచ్చి పట్టింది. తండ్రి చేతుల్లోంచి వ్యాపారం కొత్తగా చేతికొచ్చిన కుర్రాడు. విశాఖపట్నం వెళ్లి పెద్ద పెద్ద షోరూములు చూసొచ్చి, పాత ట్యూబులైట్లు పీకించి, పట్టుచీరల కౌంటరు మీద సీలింగులో తెల్లటి చిన్న లైట్లు వరసగా బిగించాడు. వాటి కింద చెయ్యి పెడితే చేతిమీద వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు. చీరల జరీ ధగధగా మెరిసింది. జరీతో పాటు, చలికాలం మొదలైన దగ్గర్నుంచి అప్పలసూరి భుజాల మీద ఎవరికీ తెలియకుండా రాలుతున్న చుండ్రు కూడా మెరవడం మొదలెట్టింది.

ఆ సంగతి కనిపెట్టిన మనిషి లక్ష్మీనరసమ్మ. నౌపడ దగ్గర పల్లెలో పాఠాలు చెప్పి రిటైరైన టీచరు. చెయ్యి తిరిగిన టీచరని కాదు, చెవి తిప్పే టీచరని పేరు. ఆవిడకి ఈ కొట్లో చీరలు కొనడం ఎన్నో ఏళ్ల అలవాటు. మనవరాలికి సంబంధం కుదిరింది, మాఘమాసంలో పెళ్లి, ముందుగా తనకో చీర చూసుకుందామని వచ్చింది. అప్పలసూరి అప్పుడే కంచి నుంచి దిగిన నేరేడుపండు రంగు పట్టుచీర భుజాన వేసుకుని, అద్దం ముందు తిరిగాడు.

లక్ష్మీనరసమ్మ కళ్లద్దాలు సవరించుకుంది. "రంగు అదిరిందయ్యా. ఈ బుటాలు మరీ బాగున్నాయి. ఎంత సన్నగా నేశారో! ఇవి చెంగంతా ఉంటాయా, భుజం దగ్గరేనా?"

అప్పలసూరి తన భుజం కేసి చూసుకున్నాడు. అది సాదా చీర. అంచు తప్ప లోపల ఒక్క బుటా కూడా లేదు. ఆ సంగతి చెబుదామని ఆయన నోరు తెరిచాడు. ఈలోపల ఆవిడ ముందుకి వంగి ఒక బుటా మీద వేలు పెట్టి చూసింది. బుటా వేలికి అంటుకుని వచ్చేసింది. ఆవిడ దాన్ని వెలుతురులోకి ఎత్తి, బొటనవేలితో నలిపి, అదేమిటో తెలుసుకుని, చీర అంచుకే తుడిచేసింది.

"ఛీ! ఇదేటయ్యా!"

కొట్టంతా ఆగిపోయింది. పక్క కౌంటర్లో రవికె గుడ్డలు చూసుకుంటున్నవాళ్లు కూడా తలలు తిప్పారు. లక్ష్మీనరసమ్మ లేచి, చేతిసంచి చంకన పెట్టుకుని, గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి యుగంధర్‌తో చెప్పింది. "మాఘంలో పెళ్లిబట్టలకి మళ్లీ వస్తాను. ఇల్లంతా ఇక్కడే కొంటాను. అప్పటికీ ఈ బుటాల పెద్దమనిషి ఇలాగే ఉంటే మాత్రం తిన్నగా శ్రీకాకుళం పోతాను."

ఆ మధ్యాహ్నమే యుగంధర్ అప్పలసూరిని మెట్ల కిందకి పిలిచాడు. మెట్ల కింద పంచెలు, తువ్వాళ్లు, లుంగీల కౌంటరు ఉంది. కొత్త లైట్లు అక్కడిదాకా రాలేదు.

"కొన్నాళ్లిక్కడ ఉండు సూరి మావా. ఇక్కడంతా తెలుపే, ఏం రాలినా తెలీదు. మాఘానికి తగ్గించుకున్నావా, నీ కౌంటరు నీదే. లేదంటే నీ చోట్లో బొమ్మని నిలబెడతాను. ఏటనుకోకు."

బొమ్మ అప్పటికే వచ్చి ఉంది. గోడౌన్లో ప్లాస్టిక్ సంచి తొడుక్కుని నిలబడి ఉంది. ఆరడుగుల పొడుగు, పాలమీగడ రంగు, గుప్పెడు నడుం. దాన్ని మోసుకొచ్చి బిగించే పని కొట్లో పనిచేసే ఈశ్వర్‌ది. పాతికేళ్లవాడు, జెల్ పూసిన జుట్టు. "బొమ్మకి సుండ్రు రాదు మావా" అని ఇకిలించాడు. అప్పలసూరికి వాడి నెత్తి మీద ఒకటివ్వాలనిపించింది, గానీ జెల్ చేతికంటుతుందని ఊరుకున్నాడు.

ఇన్నేళ్లూ పట్టు పట్టుకున్న చేత్తో తువ్వాలు మడత పెట్టడమంటే ఏమిటో బయటివాళ్లకి తెలీదు. ఆ సాయంత్రం ఇంటికి నడుస్తుంటే అప్పలసూరికి నిజంగా కళ్లనీళ్లు తిరిగాయి. ఇంటికెళ్లకుండా తిన్నగా థామస్ మెడికల్ షాపుకి వెళ్లాడు. థామస్ బాప్టిస్టు చర్చిలో పాటలు పాడించే మనిషి. ఎవరేం అడిగినా మెల్లగా, రెండేసి సార్లు చెబుతాడు. అప్పలసూరి చెప్పిందంతా విని, నెత్తి వంచమని చూసి, లోపల్నుంచి ఒక మందు షాంపూ సీసా తెచ్చి పెట్టాడు.

"వారానికి రెండుసార్లు రాయాల. రాసి కడిగీకూడదు. నురగ అయిదు నిమిషాలు మాడుకి పట్టి ఉండాల. అప్పుడు కడుక్కో."

"రేపటికి తగ్గిపోతాదా?"

"రేపటికా! రెండు మూడు వారాలకి తేడా తెలుస్తాది. బాగా తగ్గడానికి నెల పడతాది."

"నెలా?" అప్పలసూరి అదిరిపడ్డాడు. "జొరం బిళ్ల ఏసుకుంటే అరగంటలో సెమట్లు పోస్తాయి. నెల్లాళ్లు పనిసేసే మందు మందేటి బాబూ?"

థామస్ ఓపిగ్గా చెప్పాడు. మాడు మీద సన్నటి బూజులాంటిది ఉంటుంది, అందరికీ ఉంటుంది, కొందరికి ఎక్కువవుతుంది. అది ఎక్కువైతే మాడు తోలు తొందరతొందరగా పొట్టు లేస్తుంది. మందు ఆ బూజుని అణచాలి, ఆ పైన పాత పొట్టంతా పోయి తోలు కుదుటపడాలి. అందుకే అన్నాళ్లు. ఇదంతా రెండుసార్లు చెప్పాడు. అప్పలసూరికి రెండుసార్లూ వినపడింది ఒక్కటే, నెల.

ఎక్కువ రాస్తే తొందరగా తగ్గుతుంది గదా అని ఆయన సొంత లెక్క. మర్నాటి నుంచి రోజూ రాయడం మొదలెట్టాడు. రాసి, ఇలా నురగ వస్తుండగానే అలా చెంబుతో నీళ్లు గుమ్మరించేసేవాడు. తలారాక, కొట్లోంచి తెచ్చుకున్న నల్ల జాకెట్టు ముక్క మంచం మీద పరిచి, దాని మీదకి వంగి తల విదిలించి చూసుకునేవాడు. నల్లగుడ్డ మీద తెల్లగా కనబడేవి. గుడ్డ మడిచి, నిట్టూర్చి, పీట మీద కూర్చుంటే, గౌరి యథాప్రకారం కర్పూరం నూనె దండిగా పట్టించి పాపిడి తీసేది.

సీసా సగమైంది. గుడ్డ మీద చుక్కలు అలాగే ఉన్నాయి. ఇంకా పెరిగాయేమో అని కూడా అనుమానం వచ్చింది. అప్పలసూరి మండిపడుతూ వెళ్లి సీసా థామస్ ముందు ఠక్కున పెట్టాడు.

"ఇది మందు కాదు బాబూ, మోసం. రోజూ రాస్తన్నాను."

"రోజూనా? నురగ ఉంచుతన్నావా?"

"ఉంచితే సలేస్తన్నాది."

థామస్ కళ్లద్దాల పైనుంచి ఆయన నుదుటి మీదకి చూశాడు. నూనె రెండు కనుబొమల మధ్యకి దిగి మెరుస్తోంది. "నూనె ఎవరు రాస్తన్నారు?"

"మా ఇంటిదే. నూనె రాయకపోతే ఎలాగ?"

"ఆ బూజు తినీది నూనే బావా! పొద్దున్న దాన్ని మందెట్టి కొడతన్నావు, ఆ మీదట భోజనం పెడతన్నావు. నూనె మానేయాల. చుక్క కూడా వద్దు. మొదటి రోజు నుంచి లెక్కెట్టుకుని మళ్లీ నెల."

మాఘం ఎంతో దూరం లేదు. పైగా నూనె మానడం అంటే మాటలు కాదు. ఆ ప్రాంతంలో ఇంటి మనిషి పోతేనే మగాడు తలకి నూనె మానతాడు. పెద్దకర్మ అయ్యేదాకా ఎండుతలతో తిరుగుతాడు. ఆ రోజున బంధువుల్లో పెద్దవాళ్లెవరో నూనె చుక్క నెత్తిన పెడితే, అప్పుడు మైల వదిలినట్టు. ఏ చావూ లేకుండా ఎండుతలతో బజార్లో తిరిగిన మగాణ్ని అప్పలసూరి పుట్టాక చూడలేదు.

"జనం ఏటనుకుంటారు బాబూ?"

"జనం ఏమనుకుంటారో, దానికి మాత్రం నా దగ్గర మందు లేదు" అన్నాడు థామస్.

గౌరి మొదట ఒప్పుకోలేదు. "పచ్చగా ఉన్న ఇంట్లో ఎండునెత్తి ఏటి? నిన్ను సూస్తే నాకే ఏడుపొస్తన్నాది" అని నూనెగిన్నె పట్టుకుని గుమ్మం దాకా వెంటపడింది. అప్పలసూరి గిన్నెని దాటుకుని పారిపోయాడు. ఈసారి చెప్పింది చెప్పినట్టు చేద్దామనుకున్నాడు. అయిదు నిమిషాలకి గడియారమెందుకని, వాళ్ల ఇంటి వెనక పోయే రైలు పట్టాల మీద లెక్క పెట్టుకున్నాడు. పొద్దున్న గూడ్సు వచ్చే వేళకి నురగ పెట్టుకుంటే, అది దాటిపోయేసరికి సరిగ్గా కడుక్కోవచ్చు. ఒకరోజు గూడ్సు సగం దాటి సిగ్నలు లేక ఆగిపోయింది. గౌరి వంటింట్లోంచి ఎంత అరిచినా వినకుండా, రైలు కదిలేదాకా పెరట్లో గజగజా వణుకుతూ తెల్ల తలపాగాతో నిలబడ్డాడు.

మెట్ల కింద కౌంటరుకి వచ్చేవాళ్లు ఎలాంటివాళ్లో అప్పలసూరి అంతకుముందు గమనించలేదు. లుంగీలకి ఎవరైనా వస్తారు. జోళ్లకి జోళ్లు తెల్ల పంచెలు, తువ్వాళ్లు కొనేవాళ్లు మాత్రం ఎక్కువగా పెద్దకర్మకి బట్టలు పెట్టేవాళ్లే. దిగాలు ముఖాలతో వస్తారు. వచ్చి చూస్తే ఎదురుగా తెల్ల తువ్వాళ్ల మధ్య ఎండుతలతో, దిగాలుగా ఒక మీసాలాయన. చటుక్కున వాళ్లకి మనసు కరిగిపోయేది.

"మీకు కూడానా? ఎవరండీ?"

"ఎవరూ లేరండీ" అనేవాడు అప్పలసూరి.

"ఎవరూ లేకుండా పోయారా!" అని వాళ్లు కళ్లు తుడుచుకునేవారు. ఆ తర్వాత తమ తండ్రో, అత్తో ఎలా పోయారో మొదట్నుంచీ చెప్పుకుని, రెండు జతలకి వచ్చినవాళ్లు అయిదు జతలు తీసుకుని వెళ్లేవారు. నిజం చెబుదామని అప్పలసూరి చాలాసార్లు నోరు తెరిచాడు. అంత ఏడుస్తున్న మనిషి ముందు చుండ్రు మాట ఎత్తడానికి ఆయనకి నోరు రాలేదు.

ఇలా వచ్చినవాళ్లలో ఒకాయనది అప్పలసూరి అక్క గున్నమ్మ ఉండే పల్లె. ఆయన తిరిగి వెళ్లి, "మీ తమ్ముడు ఎండునెత్తితో ఉన్నాడు, తెల్ల తువ్వాళ్ల మధ్య నిలబడి మాటైనా ఆడలేకపోతన్నాడు" అని చెప్పేశాడు. ఇంకేముంది! వాళ్ల చిన్నాన్న సూరయ్య ఎనభై దాటిన మనిషి, అప్పలసూరి ఇంట్లోనే ఉంటున్నాడు. ఆయనే పోయాడని, తనకి కబురు కూడా పెట్టలేదని గున్నమ్మ నిర్ధారణ చేసుకుంది. చావింట్లో పొయ్యి వెలగదని పప్పన్నం క్యారియరు పట్టుకుని, భర్త దాలయ్యని వెంటబెట్టుకుని రైలెక్కేసింది.

వీధి మొదట్లోనే రాగం మొదలెట్టింది. "ఓ సిన్నాన్నా! నన్ను ఒక్క మాటైనా అడక్కుండా ఎల్లిపోనావా సిన్నాన్నా! నీ సేతి మీద పెరిగాన్రా నాయనా! నీ అంత మంచోడు ఈ బూమ్మీద ఉన్నాడేటి!"

వీధివీధంతా బయటికొచ్చింది. ఆదివారం గనక అప్పలసూరి ఇంట్లోనే ఉన్నాడు. అరుగు మీద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఎండ కాచుకుంటున్న సూరయ్యకి చెవుడు కొంచెం. ఆయన చెయ్యి చెవికి ఆనించి, "ఎవరే గున్నా, ఎవరు పోనారు?" అని అడిగాడు.

గున్నమ్మ రాగం మధ్యలో తెగిపోయింది. నోరు మాత్రం తెరిచే ఉంది. దాలయ్య మెల్లగా క్యారియరు వీపు వెనక్కి దాచుకున్నాడు.

"నువ్వే... నువ్వే అనుకున్నాం సిన్నాన్నా."

సూరయ్య కుర్చీలోంచి ముందుకి వంగాడు. "నాకా ఏడుస్తన్నావు? మరి అంత సిన్నగా ఏడుస్తన్నావేటే? నేనింకా పక్కింటోళ్లకేమో అనుకున్నాను" అని మొహం ముడుచుకున్నాడు. ఆపైన, "తెచ్చిన పప్పన్నం పెట్టు, చల్లారిపోతాది" అన్నాడు.

విషయమంతా విన్నాక గున్నమ్మ తమ్ముడి మీద విరుచుకుపడింది. "నెత్తికి పొట్టు లేస్తే మందు రాసుకో, ఒక మూల కూకో. ఇలాగ మనుషుల్ని సంపీడం ఏటిరా?" వెళ్తూ వెళ్తూ గౌరి దగ్గర నూనెగిన్నె అడిగి పుచ్చుకుని తమ్ముడి నెత్తి మీదకి వచ్చింది. అప్పలసూరి పెరటి గోడ దూకి పారిపోయి, ఆ పూటంతా ఇంటికి రాలేదు.

ఇంత అల్లరీ జరిగినా ఒక మేలు మాత్రం మెల్లగా జరుగుతోంది. నల్లగుడ్డ మీద చుక్కలు తగ్గుతున్నాయి. ఒక వారం ఉన్నంత మరో వారం లేవు. మాఘం వచ్చేసరికి, పొద్దున్న తల విదిలిస్తే ఒకటో రెండో రాలుతున్నాయి. దురద పోయింది. అప్పలసూరి ఆ గుడ్డని మడిచి జేబులో పెట్టుకుని, కొట్టు తెరుస్తూనే యుగంధర్ బల్ల మీద పరిచి, అతని కళ్లముందే తల విదిలించి చూపించాడు.

"సూడు బాబూ. నా కౌంటరు నాకిచ్చీ."

యుగంధర్ గుడ్డ చూశాడు, అప్పలసూరి తల చూశాడు, మొహమాటంగా నవ్వాడు. "తగ్గింది మావా, కాదనను. కానీ మెట్ల కింద ఇంత వ్యాపారం నాన్న కాలంలో కూడా లేదు. నువ్వక్కడ బాగా కుదిరిపోయావు. అయినా పెళ్లిచీరలు చూడ్డానికి వచ్చినవాళ్ల ముందుకి ఈ ఎండుతలతో నిన్నెలా పంపను? అపశకునం అంటారు. నూనె రాసుకుంటావా?"

"థామస్ బాబు ఇంకా కొన్నాళ్లు వద్దన్నాడు. రాస్తే మళ్లీ మొదటికొస్తాదంట."

"మరదే మావా."

అదీ ఆయన పరిస్థితి. నూనె రాస్తే బుటాలు, రాయకపోతే శవం వెనక మనిషి. అప్పలసూరి మెట్ల కిందికి వెళ్లి తువ్వాళ్లు సర్దుకున్నాడు. కోపం కూడా రాలేదు. మందు పనిచేశాక కూడా చోటు పోయిందంటే ఇంక దేనికోసం ఎదురు చూడాలో తెలియలేదు.

ఆ రోజే లక్ష్మీనరసమ్మ వచ్చింది. ముందు ఆవిడ, వెనక పెళ్లికూతురు అనూరాధ, ఆ వెనక రెండు చేతులా ఖాళీ సంచులతో ఆవిడ భర్త. ఆయన గుమ్మం పక్క సోఫాలో కూర్చుని వెంటనే కునుకు తీశాడు. అప్పలసూరి మెట్ల సందులోంచి చూస్తున్నాడు.

ఈశ్వర్ బొమ్మని లైట్ల కిందికి జరిపి ఒక్కో చీరా చుట్టసాగాడు. ప్రతి చీరా బ్రహ్మాండంగా ఉంది. బొమ్మ మీద గోనెసంచి చుట్టినా బాగుంటుంది, అదే దాంతో చిక్కు. అనూరాధ పొట్టి పిల్ల, చామనఛాయ కంటే నలుపు, కొంచెం బొద్దు. చీర చుట్టినప్పుడల్లా బొమ్మ వైపు ఒకసారి, అద్దంలో తన వైపు ఒకసారి చూసుకుని, "వద్దు మామ్మా" అంటోంది. పది చీరలయ్యాయి, ఇరవయ్యయ్యాయి. పిల్ల గొంతు సన్నబడిపోయింది. చివరికి, "నాకేదీ బాగోదు మామ్మా. ఏదో ఒకటి తీసీ" అని తల వంచుకుంది.

ఆ మాట అప్పలసూరి చెవిన పడింది. అలా అన్న పిల్లల్ని ఆయన ఎంతమందిని చూశాడో, ఎంతమందిని నవ్వుతూ ఇంటికి పంపాడో! ఆయన చేతిలో తువ్వాలు కింద పడింది.

లక్ష్మీనరసమ్మకి కూడా ఆ మాట గుచ్చుకుంది. గిర్రున యుగంధర్ వైపు తిరిగింది. "ఈ కొయ్యబొమ్మలో మా పిల్ల ఎక్కడుందయ్యా? ఆ మీసాలాయన ఏడీ?"

యుగంధర్ నీళ్లు నమిలేలోపే ఆవిడకి మెట్ల కింద మీసం కనబడింది. చరచరా అటు నడిచింది. తెల్ల తువ్వాళ్లు, ఎండుతల చూసి ఆగిపోయి గొంతు తగ్గించింది. "అయ్యో! ఎవరు బాబూ? ఎప్పుడు?"

ఈసారి అప్పలసూరి నోరు వెనకాడలేదు. "ఎవరికీ ఏటీ కాలేదమ్మా. మీకు నచ్చిన బుటాలు పోడానికి మందు రాస్తన్నాను. నూనె రాస్తే మందు పనిసెయ్యదంట, అందుకు మానేసినాను. మా అక్క బతికున్న సిన్నాన్నకి ఏడ్సి పోనాది. నన్ను ఇక్కడ ఎట్టినారు. ఇంతేనమ్మా."

లక్ష్మీనరసమ్మ మూతి బిగించింది. నవ్వు ఆపుకోవడానికో, తిట్టడానికో చెప్పలేం. "ఆ రోజు చీర ఉందా?"

నేరేడు చీర ఉంది. ఆ తర్వాత దాన్ని ఎవరూ తీసుకోలేదు. ఆవిడ చీర తెప్పించి ఆయన చేతికిచ్చి, లైట్ల కింద నిలబెట్టి, "తల విదిలించు" అంది, తరగతిలో పిల్లాడికి చెప్పినట్టు. అప్పలసూరి చెంగు భుజాన వేసుకుని, కళ్లు మూసుకుని తల విదిలించాడు. కొట్లో ఉన్నవాళ్లంతా మెడలు సాచారు. ఆవిడ కళ్లద్దాలు సవరించుకుని భుజమంతా వెతికింది. ఒక్కటి దొరికింది. వేలితో తీసి ఊదేసింది.

"అప్పటికీ ఇప్పటికీ ఇంత తగ్గితే ఎక్కువే. మా క్లాసులో ఎవడూ ఇంత మారలేదు. కట్టు."

అప్పలసూరి కుచ్చిళ్లు పెట్టాడు. మొదటి మడత జారింది, రెండో మడతకి వేళ్లు దారిలో పడ్డాయి. బెల్టులో దోపి, చెంగు సరిచేసి, తల పక్కకి తిప్పి అద్దం ముందు తిరిగాడు. ఆ పొట్టి మనిషి మీద, ఆ నలుపు మీద, ఆ బొజ్జ మీద నేరేడు రంగు పట్టు ఒదిగి నిలబడింది. అనూరాధ తల ఎత్తింది. లేచి వచ్చి ఆయన పక్కన నిలబడింది. ఇద్దరిదీ ఒకటే ఎత్తు. అద్దంలో ఆయన్నీ తననీ మార్చి మార్చి చూసుకుంది. ఒక్కసారి పకపకా నవ్వేసింది.

"మామ్మా! మీసం తీసేస్తే నేనే. ఇదే కావాలి."

కొట్టంతా నవ్వింది. అప్పలసూరి నవ్వబోయి, నవ్వలేకపోయాడు. కంట్లో నీళ్లు అడ్డం వచ్చాయి. చేతుల్లో పట్టుచీర ఉంది గనక తుడుచుకోలేదు.

వెనక నుంచి ఎవరో ముసలావిడ గొణిగింది. "సీర బాగుంది గానీ, పెళ్లిసీరని ఎండునెత్తోడి భుజాన ఎయ్యొచ్చేటి?"

నవ్వులు ఆగిపోయాయి. యుగంధర్ నేల చూపులు చూశాడు. అప్పలసూరి చెంగు తీసేయబోయాడు. లక్ష్మీనరసమ్మ ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది. తన అరచేత్తో తన తలే ఒకసారి నిమురుకుంది. పాపిట దగ్గర్నుంచి ముడిదాకా నున్నగా నూనె రాసుకున్న తల. ఆ అరచెయ్యి తీసి అప్పలసూరి నడినెత్తిన పెట్టి, గట్టిగా అద్దింది.

"మైల వదిలిపోయింది" అంది అందరికీ వినబడేలా. "పెద్దదాన్ని, నేను పెట్టాను. ఇంకెవరికైనా అనుమానం ఉందా?"

ఎవరికీ లేదు. ఆవిడకి ఎదురు చెప్పగల అనుమానం ఆ జిల్లాలో ఇంకా పుట్టలేదు. అనూరాధ ఆయన చేతికి మరో చీర అందించింది. యుగంధర్ ఈశ్వర్‌ని పిలిచి, బొమ్మని మెట్ల కిందకి, తువ్వాళ్ల దగ్గరకి తీసుకుపొమ్మన్నాడు.

అప్పలసూరి సాయంత్రం దాకా చీరలు కట్టాడు. దీపాలు పెట్టాక థామస్ కొట్టు ముందు ఆగి, జంకుతూ నడినెత్తి చూపించాడు.

"ఇదేటి, నూనె?" అన్నాడు థామస్.

"నేను రాయలేదు బాబూ. ఆవిడ పెట్టినాది." అప్పలసూరి ఆ చోటు తడుముకున్నాడు. "మందు మళ్లీ మొదట్నుంచి రాయమంటే రాస్తాను, గూడ్సు ఎంతసేపు ఆగినా నిలబడతాను. ఈ ఒక్క రాత్రికి మాత్రం దీన్ని కడగమనకు."